తల దొరకని జంతువు: కోటసారస్ బొమ్మ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 8

ఇవాళ షెల్ఫులో డైనోసార్ బొమ్మలన్నీ దించి, దుమ్ము దులిపి, మళ్ళీ సర్దాను. లెక్కపెడితే 43 ఉన్నాయి. పన్నెండేళ్ళుగా ఒక్కొక్కటీ కొనుక్కుంటూ వచ్చినవి. ఇంటికొచ్చినవాళ్ళు చూసి "పిల్లలవా?" అని అడుగుతారు. నావే అని చెప్తాను. ఎముకల కొలతలు చూసుకుని, ఏ కండ ఏ ఎముకకి అతుక్కుంటుందో తెలుసుకుని శిల్పులు చేసిన నమూనాలు ఇవి. మంచి బొమ్మని చేతిలోకి తీసుకుని, మోకాలు ఎటు మడుస్తుందో, తొడ దగ్గర కండ ఎంత ఉబ్బుతుందో చూస్తూ కూర్చుంటే నాకు టైమ్ తెలియదు.

నా దగ్గరున్నవి చాలావరకు 1:40 స్కేలు. అసలు జంతువు 40 సెంటీమీటర్లుంటే బొమ్మలో 1 సెంటీమీటరు. అమెరికాలో సఫారీ కంపెనీ కార్నెగీ మ్యూజియంతో కలిసి 1988లో మొదలుపెట్టిన సిరీస్ ఈ స్కేలుకి పేరు తెచ్చింది. 2015లో ఆ సిరీస్ ఆపేశారు. దానికంటే ముందు 1970ల్లో బ్రిటిష్ మ్యూజియం (నేచురల్ హిస్టరీ) కోసం ఇన్విక్టా కంపెనీ ఒకే రంగు ప్లాస్టిక్‌తో చేసినవి 1:45. అన్నీ ఒకే స్కేల్లో ఉంటేనే ఏది ఎంతటి జంతువో పక్కపక్కన పెట్టినప్పుడు తెలుస్తుంది. వాటి మధ్య మనిషిని నిలబెడితే నాలుగుంపావు సెంటీమీటర్లు ఉంటాడు.

సర్దుతుంటే ఒక సంగతి మనసులో గుచ్చుకుంది. మంగోలియావి ఉన్నాయి, అమెరికావి ఉన్నాయి, చైనావి చెప్పక్కర్లేదు. మన దేశానివి ఎన్ని? ఒక్కటే, కలెక్టా కంపెనీ రాజసారస్. అది గుజరాత్‌లో, నర్మదా లోయలో దొరికింది. మరి మా వైపు? నేను బెల్లంపల్లిలో పుట్టాను. మా ప్రాణహిత–గోదావరి లోయలోనే యామనపల్లి అనే ఊరి దగ్గర 1970ల చివర్లో జియాలజికల్ సర్వే వాళ్ళు 840 ఎముకలు తవ్వి తీశారు. కనీసం 12 జంతువులవి. 1988లో పి.యాదగిరి గారు దానికి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఒక తెలుగు ఊరి పేరు శాస్త్రీయ నామంలో ఉంది. ఆ జంతువు బొమ్మ మాత్రం నేను వెతికినంతలో ఏ కంపెనీ దగ్గరా దొరకలేదు.

దొరకనప్పుడు చేసుకోవాలి. నేను డెంటల్ ల్యాబ్‌లో పని చేస్తాను. రోజంతా మైనం చెక్కడం, అచ్చులు పోయడం, పింగాణీ పన్నుకి రంగు పట్టించడమే నా పని. పనిముట్లు ఉన్నాయి, చేతికి అలవాటుంది. ఇన్నాళ్ళూ ఎందుకు ఆగానో తెలియదు. ఇవాళే ఈ నోట్‌బుక్ మొదలుపెట్టాను.

ఫిబ్రవరి 15

పొద్దున్నే బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్ళాను. కోటసారస్ ఎముకలు కలిపి నిలబెట్టిన అస్థిపంజరం అక్కడే ఉంది. చిన్నప్పుడు స్కూలు టూర్‌లో ఒకసారి వచ్చాను, కానీ అప్పుడు చూసింది ఏమీ గుర్తులేదు. ఈసారి పెన్సిలూ, స్కేలూ, గళ్ళ నోట్‌బుక్కూ పట్టుకుని వెళ్ళాను.

రెండు గంటలు కూర్చుని గీశాను. ముందు పక్కనుంచి, తర్వాత వెనకనుంచి. పక్కనుంచి గీసిన బొమ్మ అందరికీ దొరుకుతుంది. వెనకనుంచి చూస్తేనే నడుము వెడల్పు ఎంతో, పక్కటెముకలు ఎంత గుండ్రంగా దిగాయో, కాళ్ళు ఒంటికి ఎంత దగ్గరగా ఉన్నాయో తెలుస్తుంది. బొమ్మలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. పక్కనుంచి చూస్తే బ్రహ్మాండంగా ఉంటాయి, ముందునుంచి చూస్తే పీపాకి కాళ్ళు పెట్టినట్టు ఉంటాయి.

నేను ఎక్కువసేపు చూసింది తొడ ఎముకని. కోటసారస్ సారోపాడ్‌ల తొలి తరానికి చెందింది. పొడుగు మెడ, పొడుగు తోక, నాలుగు కాళ్ళ నడక, ఆకులు అలములు తిండి, అన్నీ ఆ జాతి లక్షణాలే. కానీ ఎముకల్లో పాత తరం గుర్తులు ఇంకా పోలేదు. తర్వాత వచ్చిన పెద్ద సారోపాడ్‌ల కాళ్ళు స్తంభాల్లా ఉంటాయి. దీని కాళ్ళు వాటితో పోలిస్తే సన్నం. రెండు కాళ్ళ మీద నడిచిన పూర్వీకుల తొడ మీద ఉండే చిన్న బుడిపె దీనికింకా మిగిలి ఉంది. వెన్నుపూసలు కూడా సాదాగా ఉన్నాయి, తర్వాతివాటిలా లోతైన గుంటలు లేవు. అందుకని నా బొమ్మ కాళ్ళు ఏనుగు కాళ్ళలా ఉండకూడదు. ఇది పేజీ పైన పెద్ద అక్షరాలతో రాసి గీత కొట్టుకున్నాను.

గీస్తుండగా స్కూలు పిల్లల గుంపు వచ్చింది. అందులో ఒక పిల్ల నా నోట్‌బుక్‌లోకి తొంగిచూసి, "ఆంటీ, తల ఎందుకు గియ్యలేదు?" అంది.

"తల దొరకలేదమ్మా. రెండు పళ్ళు తప్ప తల ఎముకలేమీ దొరకలేదు."

ఆ పిల్ల అస్థిపంజరం వైపు చూసింది. "మరి అక్కడుంది కదా?"

"అది ఊహించి చేసింది."

"అయితే మీరూ ఊహించండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

నిజమే, నేనూ ఊహించాలి. ఎలా ఊహించాలన్నదే ఈ ప్రాజెక్టులో అసలు కష్టం అవుతుందని అప్పుడే తెలిసింది.

ఫిబ్రవరి 22

కోటసారస్ పొడవు 9 మీటర్లని ఒక అంచనా. 1:40లో అది 22.5 సెంటీమీటర్లు. కాగితం మీద ఆ కొలతతో పక్క బొమ్మ గీసి, దాని మీదే తీగ వంచుతూ ఫ్రేమ్ కట్టాను.

వెన్నుకి 2 మిల్లీమీటర్ల అల్యూమినియం వైరు రెండు పేటలు పురి తిప్పాను. తోక చివర ఒకే పేట. కాళ్ళకి అదే వైరు, మీద సన్నటి బైండింగ్ వైరు ఒత్తుగా చుట్టాను. నున్నటి వైరు మీద, తర్వాత ఒళ్ళు చెయ్యడానికి పెట్టే పుట్టీ పట్టు దొరక్క జారుతుంది. బైండింగ్ వైరు చుట్టు గరుగ్గా ఉండి పట్టి ఉంచుతుంది. పొట్టలోకి వంటింటి అల్యూమినియం ఫాయిల్ నలిపి, చెంచా వెనక్కి తిప్పి గట్టిగా నొక్కి కట్టాను. లోపల వదులుగా ఉంటే తర్వాత పుట్టీ పగులుతుంది.

తోక నేల మీద ఈడ్చే పాత పద్ధతి బొమ్మలు మా చిన్నతనంలో ఉండేవి. తోక గాల్లో, వెన్నుకి దాదాపు సమానంగా పెట్టాను. ఒక వెనక కాలు ముందుకి వేసి, అదే పక్క ముందు కాలు ఇంకా లేపకుండా, నెమ్మదిగా నడుస్తున్నట్టు వంచాను. నిలబడుతోంది. తీగ ఫ్రేమే దేని సాయం లేకుండా నిలబడిందంటే పని సగం అయినట్టే.

మార్చి 8

రెండు వారాలుగా రాత్రుళ్ళు కండ పెడుతున్నాను. రెండు ముద్దలు సమంగా కలిపే ఎపాక్సీ పుట్టీ. కలిపాక అరగంట దాకా మాట వింటుంది, ఆ తర్వాత గట్టిపడుతుంది. అందుకని నిమ్మకాయంత ముద్ద కంటే ఎక్కువ ఎప్పుడూ కలపలేదు. చేతికి గ్లవ్స్, వేలికి తడి. వేలు తడిగా ఉంటే పుట్టీ అంటుకోదు, ఉపరితలం నున్నగా వస్తుంది.

తొడ కండలు పెట్టడానికే నాలుగు రాత్రులు పట్టింది. సరీసృపాల్లో తోక మొదట్నుంచి తొడ ఎముక వెనక్కి వచ్చే పెద్ద కండ ఒకటుంది. కాలుని వెనక్కి లాగి నడిపించేది అదే. చాలా బొమ్మల్లో తోక నడుము దగ్గర కర్ర గుచ్చినట్టు సన్నగా మొదలవుతుంది. అలా ఉంటే ఈ జంతువు అడుగు వెయ్యలేదు. తోక మొదలు లావుగా, నిలువు కోడిగుడ్డు ఆకారంలో చేసి, నెమ్మదిగా సన్నం చేసుకుంటూ వెళ్ళాను.

పొట్ట కూడా నిండింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఆకులు అరిగించుకోవాలంటే పెద్ద పొట్ట ఉండాలి కదా అనుకున్నాను.

మార్చి 15

ఇవాళ్టి పరీక్ష గురించి వివరంగా రాయాలి.

బొమ్మ నీళ్ళలో ఎంత చోటు ఆక్రమిస్తుందో కొలిస్తే అసలు జంతువు బరువు అంచనా వెయ్యొచ్చు. ఈ పద్ధతి శాస్త్రవేత్తలదే. 1962లో అమెరికాలో ఎడ్విన్ కోల్‌బర్ట్ డైనోసార్ నమూనాలతో ఇలాగే బరువులు లెక్కకట్టారు. 1985లో ఇంగ్లండ్‌లో మెక్‌నీల్ అలెగ్జాండర్ బ్రిటిష్ మ్యూజియం అమ్మిన ప్లాస్టిక్ బొమ్మలనే వాడారు. కోల్‌బర్ట్ నమూనా ప్రకారం బ్రాకియోసారస్ 78 టన్నులు వస్తే, అలెగ్జాండర్ బొమ్మతో 47 టన్నుల లోపే వచ్చింది. బొమ్మ ఎంత సన్నగా, ఎంత లావుగా చేశారన్నది అంత తేడా తెస్తుంది. షాపులో దొరికే బొమ్మ పరిశోధన పత్రంలోకి ఎక్కిందని మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

వంటింటి కాటా మీద స్టీలు బేసిన్ పెట్టి నీళ్ళు నింపి, సున్నా చేశాను. బొమ్మకి రెండు చోట్ల దారం కట్టి, అడుగుకీ గోడలకీ తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీశాను. ఇలా వేలాడదీస్తే కాటా చూపించేది బొమ్మ బరువు కాదు, అది పక్కకి నెట్టిన నీళ్ళ బరువు. ఒక గ్రాముకి ఒక ఘన సెంటీమీటరు. చెయ్యి వణక్కుండా ఊపిరి బిగబట్టి చూశాను. 61 గ్రాములు.

పొడవు 40 రెట్లయితే ఘనపరిమాణం 40 ఇంటూ 40 ఇంటూ 40, అంటే 64,000 రెట్లు. 61 ఇంటూ 64,000 అంటే 39 లక్షల ఘన సెంటీమీటర్లు. నీటి సాంద్రత లెక్కన 3.9 టన్నులు. జంతువు ఒంట్లో ఊపిరితిత్తులున్నాయి కాబట్టి నీటికంటే కొంచెం తేలిక అనుకుని 0.9తో గుణించినా మూడున్నర టన్నులు దాటుతోంది.

9 మీటర్ల కోటసారస్‌కి నేను ఆధారంగా పెట్టుకున్న అంచనా రెండున్నర టన్నులు. అంటే నా బొమ్మ ఒక టన్ను లావు! కంటికి ముచ్చటగా కనిపించిన ఆ పొట్టే ఆ టన్ను.

చాలాసేపు అలాగే కూర్చున్నాను. నాలుగు వారాల పని. ఎవరూ కనిపెట్టరు కూడా, వదిలెయ్యొచ్చు. కానీ నాకు తెలిసిపోయింది కదా. షెల్ఫులో చూసినప్పుడల్లా ఆ టన్నే కనిపిస్తుంది.

ఉగాది

సెలవు. పచ్చడి తిని, భోజనాలయ్యాక బాల్కనీలో కూర్చుని కొయ్యడం మొదలుపెట్టాను. మూతికి మాస్కు, కళ్ళకి అద్దాలు. ఎపాక్సీ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, ల్యాబ్‌లో మాకు ఇది మొదటి రోజే నేర్పుతారు. మైక్రోమోటర్ అనే చిన్న గ్రైండర్‌తో పొట్ట రెండు పక్కలా తోడేశాను. ఒకచోట లోపలి ఫాయిల్ మెరిసింది. అక్కడి ఫాయిల్ లాగేసి, లోపలికి నొక్కి, పల్చగా పుట్టీ పూశాను. మెడ కింద వేలాడుతున్న భాగం కూడా తీసేశాను.

మళ్ళీ నీళ్ళలో ముంచితే 52. ఇంకా కొయ్యాలి. ముందు కాళ్ళ పైభాగం, భుజాలు. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. మరీ గీకితే భుజం ఎముక చర్మానికి అతుక్కుపోయి, జంతువు కరువులో ఉన్నట్టు కనిపిస్తుంది. ఈమధ్య వచ్చిన ఖరీదైన బొమ్మల్లో కొన్నిటికి ఇదే తప్పు, తలలో ఎముక గుంటలన్నీ బయటికి కనిపిస్తాయి. బతికున్న ఏ ఆరోగ్యమైన జంతువూ అలా ఉండదు. మన గేదెని చూడండి, నడుము ఎముక ఒక్కటే పొడుచుకొస్తుంది, మిగతాదంతా కండ.

సాయంత్రానికి 44 దగ్గర ఆపాను. 44 ఇంటూ 64,000, దాన్ని 0.9తో గుణిస్తే 2.53 టన్నులు. కోసేశాక చూస్తే బొమ్మ ఇంతకుముందు కంటే బాగుంది. అప్పుడు నిలబడి ఉన్నట్టు కనిపించేది, ఇప్పుడు నడుస్తున్నట్టుంది.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన సింగరేణిలో ఓవర్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. "టన్ను తక్వ జేస్నవా? మా షిఫ్టుల టన్ను తక్వయితే మేనేజరు ఊకునేటోడు కాదు బిడ్డా" అని నవ్వారు. తర్వాత అడిగారు: "తలకాయ ఎట్ల జేస్తవ్ మరి?"

ఏప్రిల్ 5

తల.

మూడు వారాలుగా వాయిదా వేస్తున్నాను. మెడ చివర తీగ మొండిగా మిగిలి ఉంది.

మా ల్యాబ్‌లో ఊడిపోయిన పన్నుకి క్రౌన్ చేసేటప్పుడు ఆ పన్ను ఎలా ఉండేదో మాకు తెలియదు. డాక్టరు పంపిన అచ్చులో ఖాళీయే ఉంటుంది. అప్పుడు పక్క పళ్ళని చూస్తాం, అవతలి వైపున్న జోడీ పన్నుని చూస్తాం, ఎదుటి దవడ పన్ను ఎక్కడ తగులుతుందో చూస్తాం. వీటి మధ్యలో ఇమిడేదే ఆ పన్ను. ఎముకలు దొరకని చోట శాస్త్రవేత్తలు చేసేదీ ఇదే. చుట్టాల్ని రెండు వైపులా పెట్టి, ఇద్దరిలోనూ ఉన్న లక్షణం మధ్యలోవాడికీ ఉంటుందని తీసుకుంటారు. ఈ పోలిక తట్టాక నా భయం సగం తగ్గింది. నేను పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్న పనే ఇది.

కోటసారస్‌కి చుట్టాలు ఎవరు? మొరాకోలో అట్లాస్ కొండల్లో దొరికిన తజూడాసారస్ ఒకటి, 2004లో పేరు పెట్టారు. అదీ కోటసారస్‌లాగే జురాసిక్ యుగం తొలి భాగానిదే, కింది దవడ భాగం దొరికింది. ఇంకోటి చైనాలో జిగోంగ్ దగ్గర దొరికిన షునోసారస్. అది కొంత తర్వాతి కాలానిది, కానీ పూర్తి తల దొరికింది. రెండింటి పళ్ళూ ఆకుని కొరికి తెంపే రకం. మన కోటసారస్‌కి దొరికిన ఆ రెండు పళ్ళదీ చెంచా ఆకారం. పన్ను కొంచెం వెడల్పయితే దాన్ని మోసే దవడ లోతుగా ఉండాలి, మూతి మరీ సన్నగా ఉండకూడదు. డిప్లోడోకస్‌లా పెన్సిల్ పళ్ళ పొడుగు మూతి దీనికి పెట్టకూడదు. పొట్టి మూతి, లోతైన దవడ, ఎత్తైన బుగ్గ భాగం. ఇంతవరకు పళ్ళు చెప్పాయి.

ముక్కు విషయంలో పాత బొమ్మలన్నీ తప్పే. సారోపాడ్ తల ఎముకలో ముక్కు రంధ్రం పైకి ఉంటుంది కాబట్టి నెత్తి మీద ముక్కు పెట్టేవారు. 2001లో లారెన్స్ విట్మర్ అనే అమెరికా శాస్త్రవేత్త బతికున్న జంతువుల్ని పోల్చి చూసి, చర్మంలో కనిపించే ముక్కు రంధ్రం ముందుకి, మూతి దగ్గరికి ఉంటుందని చూపించారు. అక్కడే పెట్టాను.

తల మొత్తం బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దది, అంతే. భూతద్దం కింద, ల్యాబ్‌లో మైనం చెక్కే లీక్రాన్ కార్వర్‌తో చెక్కాను. మొదటిది కళ్ళు రెండూ ముందుకి తిరిగి, కుక్కపిల్లలా వచ్చింది. పీకేశాను. రెండోదానికి దవడ సరిగ్గా కుదిరింది గానీ ఎడమ కుడి పక్కలు కలవలేదు. మూడోది నిలబెట్టాను.

నోరు తెరిచి పళ్ళు చూపించాలని నాకు ఎంత ఉండిందో చెప్పలేను. కానీ 1:40లో పన్ను అంటే ఆవగింజకంటే చిన్నది. దాన్ని బలవంతాన పెద్దది చేస్తే స్కేలు పోతుంది. నోరు మూసేశాను. పళ్ళ కోసం ఇంకో ఆలోచన వచ్చింది, తర్వాత రాస్తాను.

ఏప్రిల్ 19

చర్మం. ఇక్కడ కంపెనీలు చేసే పొరపాటు ఒక లెక్కతో తేలిపోతుంది. బొమ్మ మీద పొలుసు 4 మిల్లీమీటర్లుంటే అసలు జంతువు మీద అది 16 సెంటీమీటర్లు, అంటే టిఫిన్ ప్లేటంత. దొరికిన సారోపాడ్ చర్మం ముద్రల్లో ఉన్నవి చిన్న చిన్న బహుభుజాల పొలుసులు, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కవు, పక్కపక్కనే అమరి ఉంటాయి. అర్జెంటీనాలో గుడ్లలోని పిండాల మీద కూడా అలాంటి చర్మమే దొరికింది. 1:40లో వాటిని విడివిడిగా చెక్కితే మోసం చేసినట్టే. దూరం నుంచి చూసినప్పుడు కనిపించే గరుకు మాత్రమే రావాలి.

పల్చటి పుట్టీ పూత మీద రకరకాలు నొక్కి చూశాను. నారింజ తొక్క బాగా వచ్చింది గానీ గుంటలు పెద్దవి. గిన్నెలు తోమే స్టీలు పీచు గీతలు పెట్టింది. చివరికి కుదిరింది సన్నటి ఉప్పుకాగితం. నీళ్ళలో ముంచి, చిన్న ముక్కలు చేసి, తిప్పి తిప్పి నొక్కితే సమంగా రాని గరుకు వస్తుంది. మెడ మడతల దగ్గర, భుజం వెనక, తొడ ముందు మడతలు కార్వర్‌తో గీశాను. మడత ఎప్పుడూ కదిలే కీలు దగ్గరే పడాలి. పొట్ట మధ్యలో గీతలు గీస్తే చీర కుచ్చిళ్ళలా ఉంటాయి.

గోళ్ళు: ముందు పాదానికి లోపలి పక్క బొటనవేలి గోరు ఒకటి పెద్దది. వెనక పాదానికి పక్కకి తిరిగిన గోళ్ళు. ఏనుగు గోళ్ళు పెట్టలేదు.

ఏప్రిల్ 26

ఎండలు మండిపోతున్నాయి. పుట్టీ అరగంట కూడా ఆగట్లేదు, పావుగంటకే బిగుసుకుంటోంది. రాత్రి పదకొండు తర్వాతే పని.

కొన్న బొమ్మలకీ ఎండదెబ్బే. పడమటి గోడ షెల్ఫులో రెండు కాళ్ళ మీద నిలబడే బొమ్మ ఒకటి ముందుకి వాలిపోయింది. పీవీసీ వేడికి మెత్తబడుతుంది. ఇలాంటివి సేకరించేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను: కాళ్ళు మాత్రం బాగా వేడి నీళ్ళలో ఒకటి రెండు నిమిషాలుంచి, సరిగ్గా వంచి, అలాగే పట్టుకుని వెంటనే చల్లటి నీళ్ళలో ముంచాలి. వంపు నిలుస్తుంది. మరుగుతున్న నీళ్ళు వద్దు, రంగు పోతుంది. షెల్ఫు కూడా తూర్పు గోడకి మార్చాను.

మే 10

రంగు పూర్తయింది. కోటసారస్ రంగు ఎవరికీ తెలియదు కాబట్టి ఇది నా ఇష్టం, కానీ ఇష్టానికి కూడా ఒక కారణం ఉండాలనుకున్నాను. 2016లో చైనాలో దొరికిన సిట్టకోసారస్ అనే డైనోసార్ చర్మం పరిశీలించినప్పుడు దాని వీపు ముదురుగా, పొట్ట లేతగా ఉన్నట్టు తేలింది. ఎండ పైనుంచి పడితే పొట్ట నీడలోకి వెళ్తుంది. పొట్ట లేతగా ఉంటే ఆ నీడ కనిపించదు, జంతువు చుట్టుపక్కల్లో కలిసిపోతుంది. ఈనాటి ఎన్నో జంతువుల్లోనూ ఇదే పద్ధతి. అదే తీసుకున్నాను. వీపు మట్టిగోధుమ, పక్కలు బూడిద, పొట్ట మాసిన వెన్న రంగు.

పద్ధతి మాత్రం పింగాణీ పన్ను పద్ధతే. పన్నుకి తెల్ల రంగు వేస్తే బటన్‌లా ఉంటుంది. లోపల ముదురు పొర, మీద లేత పొర, చివర పారదర్శకంగా ఉండే పొర వేస్తేనే జీవం వస్తుంది. ప్రైమర్ మీద బాగా పల్చన చేసిన అక్రిలిక్ పూతలు 14 వేశాను. ప్రతి పూతా ఆరాకే తర్వాతిది. గరుకులో చేరడానికి ముదురు గోధుమ రంగు నీళ్ళలా చేసి పూసి, వెంటనే గుడ్డతో తుడిచాను. ఆ తర్వాత దాదాపు ఎండిపోయిన బ్రష్‌తో లేత రంగు పైపైన రుద్దాను. అప్పటిదాకా కనిపించని చర్మం ఒక్కసారిగా పైకి తేలింది.

కన్ను చివర్లో. సూది మొనతో నల్లటి చుక్క, పక్కన కాషాయపు గీత, మీద రంగులేని నెయిల్ పాలిష్ ఒక బొట్టు. ఆ బొట్టు ఆరి దీపం వెలుగు అందులో మెరిసినప్పుడు అది నన్ను చూసినట్టనిపించింది.

మే 17

అడుగు పీట. కోటసారస్ దొరికిన రాతి పొరల్ని కోటా పొరలంటారు. వాటిలో చేపలు ఎక్కువ. లెపిడోటిస్ అనే గట్టి పొలుసుల చేప అక్కడి సున్నపురాయిలో దొరికింది. అక్కడ నీళ్ళుండేవి. అందుకని చెరువు గట్టు బురద చేసి, వెనక రెండు అడుగుజాడలు నొక్కాను. కాగితం కత్తిరించి ఫెర్న్ ఆకులు, ఈత మొక్కలా కనిపించే సైకాడ్ ఒకటి.

గడ్డి పెట్టలేదు. షాపులో దొరికే పచ్చ గడ్డిపొడి చల్లితే అయిదు నిమిషాల్లో అందంగా తయారవుతుంది, కానీ జురాసిక్‌లో గడ్డి లేదు. మహారాష్ట్రలో పిస్దురా దగ్గర రాయిగా మారిన డైనోసార్ పేడలో గడ్డి ఆనవాళ్ళు దొరికాయని 2005లో ప్రకటించారు. ఆ పేడ డైనోసార్ల ఆఖరి కాలానిది, రాజసారస్ కూడా అప్పటిదే. కాబట్టి నా రాజసారస్ పీట మీద గడ్డి ఉండొచ్చు, కోటసారస్ పీట మీద ఉండకూడదు. పూలు కూడా అంతే.

పళ్ళ సంగతి: ల్యాబ్‌లో మిగిలిన రెసిన్‌తో చెంచా ఆకారం పన్ను ఒకటి, చూపుడువేలంత పెద్దది చేసి చేశాను. రంగు మా షేడ్ గైడ్‌లో ఏ3, కొంచెం పసుపు, ఆకులు తిన్న పన్నులా. దాన్ని పీట ముందు పక్క అమర్చాను. తలలో నిజంగా దొరికినవి పళ్ళే కాబట్టి తలకంటే ముందు ఇదే కనపడాలి.

పీట అడుగున కాగితం అంటించి రాశాను: "ఎముకల ఆధారం ఉన్నవి: నడుము, కాళ్ళు, వెన్నుపూసలు. చుట్టాల్ని చూసి చేసినవి: తల, చర్మం. నా ఊహ: రంగు."

మే 24

నాన్న వచ్చారు. బొమ్మని చేతిలో పెట్టాను. ముందు కళ్ళజోడు తుడుచుకున్నారు. తర్వాత మనం వంకాయ చూసినట్టు తిప్పి తిప్పి చూసి, అడుగున కాగితం చదివారు. రెండుసార్లు చదివారు.

"ఇది మన దిక్కు తిరిగిందా?"

"అవును నాన్నా. సుమారు 18 కోట్ల ఏళ్ళ కింద."

"మేం తవ్విన బొగ్గు దీనికన్న మీదిదా, కిందిదా?"

"కిందిది. బొగ్గు 25 కోట్ల ఏళ్ళ పైమాటే."

ఆయన సంచిలోంచి పాత న్యూస్‌పేపర్‌లో చుట్టిన రాయి తీశారు. గని పైకప్పులోంచి రాలిన పలక, దాని మీద నాలుకలాంటి ఆకు ముద్ర, మధ్య ఈనెతో సహా. గ్లోసోప్టెరిస్. ఆ బొగ్గు తయారైన అడవి ఆకు. నా చిన్నప్పుడు మా అల్మారాలో ఉండేది, పోయిందనుకున్నాను.

"దీని పక్కన పెట్టు. ఆకులు తింటది కద" అన్నారు.

పక్కన పెట్టలేనని చెప్పాను, ఈ జంతువు పుట్టేనాటికి ఆ ఆకు లేదు. ఆయన కాసేపు ఆలోచించి, షెల్ఫు వైపు చూశారు. "అయితే కింది అరల పెట్టు. గని లెక్క."

ఇద్దరం కూర్చుని సాయంత్రం దాకా షెల్ఫు మార్చాం. ఇన్నాళ్ళూ కంపెనీల వారీగా ఉండేది. ఇప్పుడు కింది అరలో ఆకు పలక ఒక్కటే. దాని పైన కోటసారస్, పక్కన 35 సెంటీమీటర్ల చోటు ఖాళీ. అదే కోటా పొరల్లో దొరికిన బారాపాసారస్ కోసం. అది 14 మీటర్ల జంతువు, దానికీ తల దొరకలేదు. ఆ పైన తర్వాతి కాలాల అరలు. అన్నిటికన్నా పైన రాజసారస్, గడ్డి మీద. నాన్న కుర్చీ ఎక్కి ఆ పై అర తనే సర్దారు.